బానెట్ సభ తీర్మానాలు

ప్రజాస్వామ్యమంటే ఓట్లూ ఎన్నికలూ అనుకునేవాళ్లు పినపాక పక్క పల్లెల్లో డీజిల్ కారు బానెట్ ఎత్తగా చూడలేదన్నమాట. బానెట్ లేచిన మరుక్షణం అక్కడ సభ కొలువుదీరుతుంది. సభ్యత్వానికి రుసుము లేదు. పంచె ఎగ్గట్టి, ఇంజిన్‌లోకి వంగి "ఊఁ" అంటే చాలు. యజమానికి మాత్రం ఓటుండదు (కారు తనదే కాబట్టి నిష్పాక్షికంగా ఆలోచించలేడని). ఆయన భార్యకు సభలో కేటాయించిన స్థానం వెనక సీటు.

ఆ నిబంధన ప్రకారమే రాఘవమ్మ పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, ఒళ్లో గాజుల పెట్టె పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. సత్తుపల్లిలో చెల్లెలి సీమంతం. మొదటి గాజు అక్కే తొడగాలని తల్లి కబురు పెట్టింది. పెళ్లయి ఈ అడవి పక్కకు వచ్చిననాటి నుంచీ పుట్టింటి శుభకార్యాలన్నిటికీ బస్సులు మారి, చెమటలు కక్కుతూ, హారతి అయిపోయాక చేరడమే ఆమె వంతు. ఈసారైనా వేళకు పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

కారు నిన్ననే వచ్చింది. భర్త బసవపున్నయ్య మిర్చి అమ్మి ఖమ్మంలో కొన్న పాత డీజిల్ కారు. దారిలో ఎక్కడా మొరాయించలేదు. అందుకే దిష్టి తగులుతుందని సాయంత్రం పూజ చేసి, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండను ఆయనే స్వహస్తాలతో కట్టాడు. బయట కడితే మేకలు తింటాయని లోపల కట్టాడు. గుంతల్లో ఊగకుండా ఒక కొస స్టీరింగు రాడ్డుకూ, రెండో కొస దాని పక్కనున్న నల్ల గుండీకీ బిగించాడు. (ఆ గుండీ లాగితే ఇంజిన్‌కు డీజిల్ ఆగిపోయి బండి బందవుతుంది. ఇది బసవపున్నయ్యకూ తెలుసు. బిగించి కట్టినా లాగినట్టేనని ఆయనకు తట్టలేదు. దేవుడి పేరున కట్టిన దండ బండిని ఆపుతుందని ఎవరనుకుంటారు?)

తాళం తిప్పితే ఇంజిన్ గుర్రుగుర్రుమని తిరిగింది. అందుకోలేదు. సభ మొదలైంది.

అధ్యక్షుడు పిచ్చయ్య. ఆయన ఒకసారి బెజవాడ దాకా లారీలో డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్లాడు కాబట్టి ఆ పదవికి పోటీ ఉండదు. సాంకేతిక సలహాదారు సైకిల్ షాపు హీరాలాల్. సైకిళ్లలో గాలి పోయిందనే ఆయన, కారులో గాలి చేరిందన్నాడు.

"డీజిల్ పైపుల గాలి పట్టింది సేటూ. జర విప్పితే అయిపాయె."

విప్పారు, గాలి తీశారు, మళ్లీ బిగించారు. గుర్రుగుర్రు. దిష్టి బలంగా ఉందని అధ్యక్షుడు రూలింగ్ ఇవ్వగా, పాత దండ మీద ఇంకో దండ, ఇంకాస్త బిగించి కట్టారు. తర్వాత నెట్టుడు ఉపసంఘం కారును బడి దాకా నెట్టి, వెనక్కి నెట్టుకొచ్చింది. రాఘవమ్మ దిగుతానంది. బరువుంటేనే చక్రాలకు పట్టు దొరుకుతుందని దిగనివ్వలేదు. మూడో దండ పడింది.

"ఏవండీ, కొత్తగూడెం బస్సొచ్చే వేళయింది. బస్సులో పోదామండీ."

"కారు పెట్టుకుని బస్సెక్కితే నలుగురూ ఏమనుకుంటారే?"

"సీమంతం అయ్యాక పోతే మావాళ్లేమనుకుంటారు?"

"వాళ్లు మనవాళ్లేగా!"

అంతలో ఎండెక్కింది, సభకు మజ్జిగ కావాలని ఏకగ్రీవ తీర్మానం జరిగింది. రాఘవమ్మ కారు దిగి ఇంట్లోకి పోయి చూస్తే మజ్జిగుంది, నిమ్మకాయ లేదు. ఇంట్లో ఉన్నవన్నీ దండలెక్కాయి. దిష్టి నిమ్మకాయ నోట పెట్టకూడదని ఆమెకు తెలియక కాదు. అయినా ఒళ్లు మండి ఉంది. సభంతా బానెట్‌లోకి వంగి ఉండగా మూడు దండలూ విప్పేసింది. గుండీ టక్కున లోపలికి పోయింది.

"ఏవండీ, ఇదేదో లోపలికి పోయింది."

"నువ్వేదీ ముట్టుకోకు! ఇక్కడ టెక్నికల్ పని నడుస్తోంది."

ఆమె ఇంకేమీ ముట్టుకోలేదు. మజ్జిగ కలిపి అందరికీ ఇచ్చింది. సభ్యులు రెండేసి గ్లాసులు తాగి, పులుపు బాగుందన్నారు. అప్పుడే బస్సు హారన్ వినిపిస్తే, గాజుల పెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తి ఎక్కేసింది.

సత్తుపల్లి చేరేసరికి హారతి అయిపోయింది. మొదటి గాజులు ఎదురింటావిడ తొడిగిందట. తల్లి కాళ్లకు నీళ్లిచ్చింది. రాఘవమ్మకు దుఃఖం ఆగక, పెరట్లోకి పోయి మొహం కడుక్కునే వంకతో ఏడ్చింది.

పొద్దుగూకుతుండగా వాకిట్లో కారు ఆగింది. బసవపున్నయ్య నవ్వుతూ దిగాడు. పక్క సీట్లోంచి అధ్యక్షుడూ దిగాడు.

"లోపం దొరికిందండీ," అన్నాడు పిచ్చయ్య ఆమె తండ్రితో. "అమ్మాయి కూసున్నంత సేపు బండి అందుకోలే. గిట్ల బస్సెక్కిందో లేదో, ఒక్క తిప్పుకే అందుకుంది."

"నేను దండలు విప్పాక గదా బాబాయ్..." అంది రాఘవమ్మ.

"దండ విప్పితే బండి ఆగాలె గని, నడుస్తదా తల్లీ?"

తండ్రి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, అల్లుణ్ణి మెచ్చుకుని, విషయం సబబుగానే ఉందన్నాడు. మర్నాడు తిరుగు ప్రయాణంలో బండికి ఏ ఇబ్బందీ రాకూడదని, కూతురికి బస్సు టిక్కెట్టు ఆయనే కొనిచ్చాడు.