తలకు పదిహేను కిలోలు

సింగపూర్ ఉత్తర ప్రాంత వన్యప్రాణి ఛాయాగ్రాహకుల సంఘం, ఈసారి కెన్యా యాత్రకు భార్యలను కూడా తీసుకువెళ్లాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘంలో ఉన్నది ఐదుగురు మగవాళ్లే కాబట్టి ఏకగ్రీవానికి పెద్ద ఇబ్బంది రాలేదు. గడచిన పదకొండేళ్లలో సంఘం బోర్నియో వెళ్లింది, హొక్కైడో వెళ్లింది, శ్రీలంక రెండుసార్లు వెళ్లింది. ఆడవాళ్ల మాటలకు జంతువులు బెదిరిపోతాయన్న శాస్త్రీయ కారణం చేత అప్పుడెప్పుడూ భార్యలను పిలవలేదు. ఈ ఏడాది జంతువులకు కాస్త ధైర్యం వచ్చినట్టుంది.

అధ్యక్షులు డాక్టర్ ఫూ కిమ్ వాట్ గారు రిటైరైన దంతవైద్యులు. ఎదుటివాడు నోరు తెరుచుకుని కూడా బదులు చెప్పలేని స్థితిలో ఉండగా నలభై ఏళ్లు మాట్లాడిన అనుభవం వల్ల ఆయన ఉపన్యాసాలు నిరాటంకంగా సాగుతాయి. తోవా పాయో మార్కెట్ పక్కన కాఫీ దుకాణంలో కప్పు పక్కకు జరిపి ఆయన సెలవిచ్చారు.

"మిత్రులారా, స్త్రీ లేని ప్రకృతి అసంపూర్ణం. ఇన్నాళ్లూ మన ఇల్లాళ్లను ఇంట్లో వదిలేసి మనం చరిత్రకు ద్రోహం చేశాం. ఇక చెయ్యం. సింహం ముందు మన అడుగు పక్కన వాళ్ల అడుగు పడాలి. ఇంకో చిన్న విషయం. అడవిలోకి వెళ్లే చిన్న విమానంలో తలకు పదిహేను కిలోలే అనుమతిస్తారట, కెమెరాలతో సహా."

చరిత్ర గురించి ఎవరూ రాసుకోలేదు గానీ, చిన్న విషయాన్ని ఐదుగురూ రాసుకున్నారు.

అందరికన్నా శ్రద్ధగా రాసుకున్నది కార్యదర్శి క్వెక్ బూన్ సియాంగ్ గారు. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఆరేళ్లు ఫైళ్లు కదిపిన మనిషి. లెన్సులు, కెమెరాలు, వాటిని నిలబెట్టే కాళ్లు కలిపి ఆయన సామాను ఇరవైతొమ్మిది కిలోలు. ఆయన తల ఒక్కటే.

ఆయన భార్య సియోక్ హూన్ ఒక బడి క్యాంటీన్‌లో ఇరవైతొమ్మిదేళ్లు చేపముద్దల నూడుల్స్ అమ్మింది. ఏడాదికోసారి బడిపిల్లలతో పాటు జంతు ప్రదర్శనశాలకు వెళ్లి జిరాఫీ ముందు నిలబడేది. దాన్ని కంచె లేకుండా ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. ఇంకే కోరికా ఆమె ఎప్పుడూ గట్టిగా అడగలేదు, దీన్నీ పదకొండేళ్లుగా మెల్లగానే అడిగింది. అందుకని "నువ్వూ వస్తున్నావు" అని భర్త అన్నం తింటూ చెప్పగానే ఆమె వంటింట్లోకి వెళ్లి, సంతోషం పట్టలేక కాసేపు ఏడ్చింది.

మర్నాడే సర్దుకుంది. రెండు ప్యాంట్లు, పొద్దుటి చలికి ఒక స్వెట్టరు, చెల్లెలిచ్చిన బైనాక్యులర్, మోకాళ్ల మాత్రలు, ఒక డబ్బా ఉప్పు రేగుపళ్లు. అన్నీ కలిపి ఆరు కిలోలు. "ముసలాయనా, నా దగ్గర ఇంకా తొమ్మిది మిగిలాయి. నీవేమైనా ఉంటే పెట్టుకో" అంది. క్వెక్ గారు పెట్టుకున్నారు.

ఈలోగా సంఘం సన్నాహాలు జోరందుకున్నాయి. ఐదుగురూ ఆకులూ కొమ్మలూ అచ్చేసిన దుస్తులు తొడుక్కుని, ప్రకృతిలో కలిసిపోవడం ఎలాగో సాధన చేయడానికి బిషాన్ కాలువ ఒడ్డున సిమెంటు బాట మీద బోర్లా పడుకున్నారు. వ్యాయామానికి పరుగెత్తేవాళ్లు వాళ్లను దాటుకుని వెళ్లారు. నీటికుక్కలు కూడా దాటుకుని వెళ్లాయి. సాధన సఫలమైందని నివేదికలో రాసుకున్నారు.

జీపు కిటికీ మీద లెన్సు ఆనించడానికి గింజలు నింపిన మెత్త ఒకటి కావాలి. ఖాళీ సంచీ తీసుకెళ్లి అక్కడే నింపుకోవచ్చని యాత్రా సంస్థవాళ్లు రాశారు. అక్కడ గింజలు దొరక్కపోతే? దొరికినా మనకన్నా ముందు ఎవడో కొనేస్తే? ఈ ప్రశ్నకు మొత్తం ఆఫ్రికా ఖండం హామీ ఇచ్చినా క్వెక్ గారికి నిద్ర పట్టదు. నాలుగు కిలోల థాయి బియ్యం ఇక్కడే నింపారు. అవసరమైతే వండుకోవచ్చు కదా అని పిడికెడంత కుక్కరు కూడా చేర్చారు. బియ్యానికి చోటు కావాలి కాబట్టి సియోక్ హూన్ సంచీని సమీక్షకు పిలిచారు.

బాత్రూమ్‌లో ఉండే తూకం మిషను హాల్లోకి వచ్చింది. క్వెక్ గారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"స్వెట్టరెందుకు? నా ఇరవైనాలుగు జేబుల కోటు నువ్వు తొడుక్కో."

"దాని జేబుల నిండా నీ లెన్సులేగా."

"ఆ బరువుకు వెచ్చగానే ఉంటుంది. ఈ బైనాక్యులర్ కూడా తీసెయ్. నా లెన్సులోంచి చూద్దువుగాని."

"ఎప్పుడు చూడనిస్తావు?"

"జంతువులేవీ లేనప్పుడు."

రేగుపళ్లు పోయాయి. ఒక ప్యాంటు పోయింది, రెండోది ఒంటి మీదికి వెళ్లింది. మాత్రలు డబ్బాలోంచి కాగితం పొట్లంలోకి మారాయి. చివరికి అవి ఆమె చేతిసంచీలోకి, చేతిసంచీ ఆమె భుజానికి చేరాక, పదిహేను కిలోలూ క్వెక్ గారివయ్యాయి. అప్పుడాయన ఫ్రిజ్ తలుపుకి తుది పట్టిక అంటించారు. అందులో 'యాత్రికులు' అన్న శీర్షిక కింద ఐదుగురు మగవాళ్ల పేర్లున్నాయి. 'అదనపు సామర్థ్యం' అన్న శీర్షిక కింద ఐదుగురు ఆడవాళ్ల పేర్లు, ఒక్కొక్క పేరుకెదురుగా పదిహేను.

సియోక్ హూన్ రెండుసార్లు చదివింది. ఆమెకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆ రోజు వంటింట్లో ఏడ్చినందుకు సిగ్గేసింది.

"నేనేంటి, నీ పెట్టెకు చక్రాన్నా?" అని అడిగింది.

"అట్లా అనుకుంటే ఎట్లా? నువ్వు లేకపోతే ఈ యాత్రే లేదు" అన్నారు క్వెక్ గారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆదివారం అపార్టుమెంట్ల బ్లాకు కింద ఖాళీ జాగాలో కవాతు జరిగింది. విమానాశ్రయంలో సంచులను తూస్తారు గానీ మనుషులను తూచరు కదా, అందుకని ఐదుగురు ఇల్లాళ్లూ జేబుల్లో లెన్సులు కుక్కిన భర్తల కోట్లు తొడుక్కుని తూలకుండా, చప్పుడు కాకుండా నడవాలి. ఫూ గారు చప్పట్లు కొట్టి తాళం వేశారు. ఫూ గారి భార్య సియోక్ హూన్ పక్కకు చేరి, "మా ఆయన నా పళ్ల బ్రష్షు సగానికి విరిచి ఇచ్చాడక్కా, బరువట. పళ్ల డాక్టరై ఉండి" అంది. ఇద్దరూ నవ్వబోయారు గానీ కోట్ల బరువుకి నవ్వు మధ్యలోనే ఆగింది.

ప్రయాణం రోజు వచ్చింది. కౌంటరు దగ్గర అమ్మాయి పెట్టెను తూకం మీద పెట్టించి, అందరినీ అడిగే మాటే సియోక్ హూన్‌నూ అడిగింది. "ఆంటీ, ఇది మీరే సర్దుకున్నారా?"

ఇరవైతొమ్మిదేళ్లలో చేపముద్దలో చేప ఎంతుందని అడిగిన ఏ పిల్లవాడికీ సియోక్ హూన్ అబద్ధం చెప్పలేదు. "లేదమ్మా. ఆయన సర్దాడు. ఇందులో ఏముందో నాకు తెలీదు. నావైతే ఏవీ లేవు."

"అవునని చెప్పవే" అని క్వెక్ గారు పళ్ల మధ్యనుంచి అన్నారు.

"సర్దింది నువ్వు. నువ్వే చెప్పు."

పెట్టె తెరిచారు. బియ్యం, కుక్కరు, కెమెరాల ఇనుప కాళ్లు, పెట్టెలో పెట్టకూడని బ్యాటరీలు ఇరవైరెండు. వరసలో వెనకున్న నలుగురు ఇల్లాళ్లనూ అదే ప్రశ్న అడిగితే, నలుగురూ అదే జవాబిచ్చారు. కోట్లు విప్పి కౌంటరు మీద పెట్టారు. ఐదుగురు యాత్రికులు పది పెట్టెలకు సంజాయిషీ చెప్పుకుంటూ ఉండిపోయారు. సోదా చేయడానికి ఏమీ లేని అదనపు సామర్థ్యం చేతిసంచులతో విమానం ఎక్కింది.

మగవాళ్లు మర్నాటి విమానంలో వెళ్లారు గానీ, అడవిలోకి పోయే చిన్న విమానంలో చోటు దొరకలేదు. నైరోబీ హోటల్ వరండాలోంచి ఆరు రోజులు కాకులను ఫొటోలు తీశారు. అక్కడ అడవిలో సియోక్ హూన్ జిరాఫీని చూసింది. ఎలా ఉందని భర్త ఎన్నిసార్లు అడిగినా "పొడుగ్గా ఉంది" అని తప్ప ఇంకేమీ చెప్పలేదు.

తిరిగి వచ్చాక సంఘం అత్యవసరంగా సమావేశమై తప్పెక్కడ జరిగిందో లోతుగా విచారించింది. తప్పు బియ్యంలో లేదు, బ్యాటరీల్లోనూ లేదు. భార్యలకు తగిన శిక్షణ లేకపోవడమే కారణమని ఏకగ్రీవంగా తేల్చింది. వచ్చే ఏడాది యాత్రకు ముందు ప్రతి ఆదివారం వాళ్లకు తరగతులు ఉంటాయి. 'ఈ బరువు నీదేనా' అని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా, వీలైతే నవ్వుతూ, 'నాదే' అనడం నేర్పుతారు. ఐదుగురు ఇల్లాళ్లలో ఒక్కరూ పేరు నమోదు చేసుకోలేదు. పాఠం చెప్పడానికి అనుభవం ఉన్నవాళ్లు దొరకడం లేదని ఫూ గారు తెగ దిగులు పడుతున్నారు. మీరు కాస్త సాయం చేయగలరేమో చూడండి. ఆ జవాబు ఏళ్ల తరబడి తడుముకోకుండా చెబుతున్న ఆవిడ, మీరిది చదువుతున్న ఈ సమయాన మీ వంటింట్లోనే ఉండి ఉంటారు.