కంప్యూటర్‌లో క్షేమంగా ఉన్న మా భాష

కోరుట్ల హనుమంత రావు సారు మీద నాకు కోపమని ఎవరో పుకారు పుట్టించారు. కోపమా? ఆయన ఫొటోకు దండ వేయాలని ఉంది!

ఒక భాష బతకాలంటే దాన్ని మాట్లాడేవాళ్ల నోట్లోంచి తీసి కంప్యూటర్‌లో పెట్టాలని కనిపెట్టిన మహానుభావుడాయన. ఐదో తరగతిలో బడి మానేసిన నాకు ఇంత తెలివి ఎక్కడిది?

సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు. దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని "మా యాసను ఎక్కిరిస్తరా?" అని గర్జించిన సారు, సాయంత్రం మా గుడిసెకు వచ్చి ఎరుకల భాషను ఆన్‌లైన్‌లో ఉద్ధరిస్తానన్నాడు. నిన్నటిదాకా అదే భాష చెవిన పడితే "ఏందిరా గా కూతలు?" అన్న మనిషి! ఉద్యమం మనుషుల్ని మార్చదని ఎవరన్నారు?

మా అమ్మ లింగవ్వ ముందు కెమెరా పెట్టాడు.

"లింగవ్వా, నీళ్లను మీ భాషల ఏమంటరు?"

"జెర ఆగు దొరా, యాది చేసుకుంట."

యాది చేసుకోవడమా! సిరిసిల్ల అంగడిలో బుట్టలు అమ్మేటప్పుడు, ధర ఎంతవరకు దించాలో కొనేవాడి ముఖం మీదే మా భాషలో మాట్లాడుకుంటాం. అది బయటివాళ్లకు తెలిస్తే మా పొయ్యి వెలగదు. అందుకే ఎవరడిగినా తప్పుడు మాట చెప్పడం మా పెద్దల పద్ధతి. అమ్మ పద్ధతి తప్పలేదు. నీళ్లకు చాట పేరు, చాటకు నీళ్ల పేరు, అన్నానికి గాడిద పేరు చెప్పింది.

సారు ఆ మాటలన్నీ ఆన్‌లైన్ కోర్సుగా పెడితే, బెంగళూరులో, ఢిల్లీలో చదువుకున్నవాళ్లంతా అవి బట్టీ పట్టారు. ఇంతకుముందు మాకున్నది ఒకటే భాష, ఇప్పుడు రెండు! ఇది అభివృద్ధి కాదా?

చిన్నప్పటి నుంచీ జగిత్యాల హాస్టల్లోనే పెరిగిన నా బిడ్డ శైలజ, సమ్మెకు ఇంటికొచ్చి, నెట్ సెంటర్‌లో కూర్చుని అదే కోర్సు చేసింది.

"బాపూ, ఫస్ట్ ర్యాంక్ అచ్చింది! గిప్పటి సంది అవ్వతోని మన భాషలనే మాట్లాడుత."

నిజం చెప్పబోతే అమ్మ నన్ను పక్కకు లాగింది.

"సప్పుడు జెయ్యకు! పోరి మురిసిపోయి సారుకు చెప్తే, రేపు అంగడిల ఏం అమ్ముతవు?"

మొన్న అమ్మకు జ్వరం ముంచుకొచ్చింది. గొంతు ఎండిపోయి, మా భాషలో నీళ్లడిగింది. మా ఫస్ట్ ర్యాంకు ఒక్క ఉరుకున పోయి చాట తెచ్చింది!

అమ్మ చాటను చూసింది. మనవరాలి ముఖంలో సంబరం చూసింది.

"నీళ్లు బిడ్డా," అంది, తెలుగులో.