దొరికిన గొడుగు

జూన్ ఇరవై మూడు. ఆ తేదీ ఎంక్వైరీ గారికి బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం బంగాళాదుంపల కూరలో ఉప్పు లేదు. ఆ మాట చెప్పుకోవడానికి భార్య తప్ప మనిషి లేదు. భార్యకు చెప్పే ధైర్యం ఆయనకు లేదు.

రైల్వేస్టేషన్లో విచారణ కిటికీ వెనక ఉద్యోగమంతా గడిపిన మనిషి. "బండి ఎప్పుడొస్తుందండీ?" అని లోకమంతా ఆయన్నే అడిగేది. రిటైరయ్యాక, గోడ గడియారం ఆగిపోయినా ఆయన్ని టైమెంతని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"అలా నలుగురిలోకి వెళ్లి రావచ్చు కదా," అంది భార్య.

"నేను వెళ్లడమేంటి? జనమే నా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు."

"ఇప్పుడు మన కిటికీ దగ్గరికి పిల్లి వస్తోంది. దాన్ని పలకరించండి."

ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. సాయంత్రానికల్లా గేటుకు అట్టముక్క వేలాడింది: 'నల్ల గొడుగు దొరికింది. ఆనవాళ్లు చెప్పి తీసుకెళ్లగలరు.'

గొడుగు ఆయనదే.

"మన గొడుగు మనకే దొరకడమేంటండీ?"

"ఆనవాళ్లు ఎవరూ చెప్పలేరులే. వస్తారు, కూర్చుంటారు, కబుర్లు చెప్పి పోతారు. గొడుగు ఎక్కడికీ పోదు."

మర్నాటికి ఇల్లు ప్లాట్‌ఫారం అయింది. ఎర్ర గొడుగు పోగొట్టుకున్న ఒకాయన, నల్లదైనా సర్దుకుంటానన్నాడు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కట్టుడు పళ్లేమైనా దొరికాయా అంది. దొరికినవి తెచ్చి అప్పగించేవాళ్లూ బయల్దేరారు. ఒంటి చెప్పు, హెల్మెట్టు, ఎవరిదో తాతగారి ఫోటో. తాతగారు సోఫాలో కూర్చున్నారు, వచ్చినవాళ్లు నిలబడ్డారు. ఎంక్వైరీ గారు కిటికీ వెనక కుర్చీ వేసుకుని, "లైన్లో రండి," అంటూ కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోయారు.

అప్పుడొచ్చాడు వీధి చివరి టైలరు. భార్య పోయాక కుట్టుమిషనుతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషి.

"ఆనవాళ్లు?"

"పిడి పగిలింది, పసుపు దారం చుట్టి ఉంటుంది. ఒక ఊచ వంకర. లోపల నీలం మాసిక."

లైనంతా మెడలు చాచింది. గొడుగు విప్పారు. నీలం మాసిక.

నాదే అందామంటే గేటుకు అట్టముక్క ఉంది. ఇచ్చేశారు. జనం చప్పట్లు కొట్టి, పనైపోయిందని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మిగిలింది తాతగారే.

"ఆ మాసిక వేసింది ఆయనే. పోయినేడు నేనే ఇచ్చి కుట్టించాను," అంది భార్య బఠానీలు ఒలుస్తూ.

"మరి నోరు విప్పలేదేం?"

"నన్నెవరు ఎంక్వైరీ చేశారు?"

సాయంత్రం వాన పట్టుకుంది.

"వెళ్లి తెచ్చుకోండి."

"నేనా? వాళ్లింటికా?"

"గొడుగు తనంతట తాను నడిచి రాదుగా."

తడుస్తూ వెళ్లారు. టైలరింట్లో చదరంగం పరిచి ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ, దాని మీద పొడి తువ్వాలు.

"రండి బావగారూ. ఏడింటి బండికి దిగుతారని చెల్లెమ్మ చెప్పింది."

"గొడుగు?"

"ఊచ సరిచెయ్యాలి. రేపు రండి."

మర్నాడు పిడి అన్నాడు. ఆ మర్నాడు మాసిక విప్పి మళ్లీ వెయ్యాలన్నాడు. ఎంక్వైరీ గారు ఎందుకాలస్యమని అడగలేదు. ఆలస్యం గురించి చెప్పడమే తప్ప అడగడం ఆయనకు అలవాటు లేదు.

ఓ రాత్రి ఆట ఓడిపోయి, ఈల వేసుకుంటూ ఇల్లు చేరారు.

"గొడుగు వచ్చిందా?" అంది భార్య.

"ఇంకా లేటట."

"ఎంత లేటు?"

"చెప్పలేం."

"కూరలో ఉప్పు లేదని ఊరంతా చెప్పారట?"

"ఊరంతా ఎక్కడే? టైలరొక్కడికే."

ఆవిడ గేటుకున్న అట్టముక్క విప్పి లోపలికి తెచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.