పియానో సంబంధం

ఆ ఉదయం ఎర్నెస్టీనా లజారూ వేసుకున్న పథకం చాలా చిన్నది. తను పనిచేసే వాయిద్యాల కొట్లో ఏడాదిగా కదలకుండా కూర్చున్న జర్మనీ పియానోని ఎద్దుబండి ఎక్కించి, వర్తకుల వీధిలో అందరూ గౌరవంగా బిబిక్ అని పిలిచే పెద్దావిడ కిమ్ నియో ఇంట్లో దింపించాలి. కొన్నాళ్లు ఉంచుకుని చూడమనాలి. నచ్చితే వాళ్లు కొనుక్కుంటారు, ఆ ఇంటి మనవరాలు గియోక్‌కి తను పాఠాలు చెబుతుంది. అంతే.

పథకం చిన్నదే గానీ ఆమె బతుకంతా దాని మీదే ఆధారపడి ఉంది. మలక్కాలో దొరల ఇళ్లలో పియానోలు ఎప్పుడో నిండిపోయాయి. తరతరాలుగా ఊళ్లో పాతుకుపోయిన చైనా వర్తకులకి డబ్బుకి లోటు లేదు గానీ, వాళ్ల ఆడపిల్లలు గడప దాటరు, మగ మాస్టర్లని ఆ గడప తొక్కనివ్వరు. ఆడమనిషి కాబట్టి తనైతే వెళ్లొచ్చు. ఒక్క ఇంట్లో పియానో మోగితే పక్కింటివాళ్లు ఊరుకోరని ఆమె ఆశ. కొట్టు యజమాని చీ గ్వాన్ కూడా ఆ వర్తకుల్లో ఒకడే. "ఇదీ అమ్ముడుపోకపోతే కొట్టు ఎత్తేసి సైకిళ్లు పెడతాను టీచరమ్మా" అని తేల్చి చెప్పేశాడు. సైకిళ్ల కొట్లో నడివయసు సంగీతం టీచరుకి ఏం పని ఉంటుంది?

దుమ్ము పడకుండా పియానో మీద తెల్ల దుప్పటి కప్పింది. బండి తోలే లేమన్ ముసలాయన గుండె బాదుకున్నాడు.

"ఓయమ్మో! తెల్లగుడ్డ వేసుకుని వాళ్లింటికా? చావు కబురు తెచ్చామని శాపనార్థాలు పెడతారు. మధ్యలో నా ఎద్దులేం పాపం చేశాయి?"

"నిజమే సుమా! నా బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో!" అంటూ ఆమె కిటికీకున్న ఎర్ర పరదా పీకి కప్పింది. పియానో ముఖానికి రెండు ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు ఉన్నాయి. వాటిలోవి కూడా తెల్లవే. అగరొత్తుల దుకాణానికి పరుగెత్తి లావుపాటి ఎర్ర కొవ్వొత్తుల జత తెచ్చి గుచ్చింది. లేమన్‌కి కూడా హుషారొచ్చి ఎద్దుల కొమ్ములకి ఎర్ర రిబ్బన్లు కట్టాడు. గొడుగు వేసుకుని ఆమె బండికి ముందు నడిచింది. ఎక్కడా ఒక్క అపచారం జరగనివ్వలేదని దారి పొడుగునా లోలోపల మురిసిపోయింది. ఆమె పుట్టి పెరిగింది పోర్చుగీసు పేటలో, చర్చి నీడన. వర్తకుల వీధి పెళ్లి ఊరేగింపులు దూరం నుంచి చూసిందే తప్ప, పెళ్లికి ముందు ఆ ఇళ్లలో ఏ తతంగం నడుస్తుందో ఆమెకి తెలియదు.

వీధి చూసింది మాత్రం వేరు. ముందు గొడుగుతో నడివయసు ఆడమనిషి. వెనకాల ఎర్రగుడ్డ కప్పిన భారీ కానుక, జత ఎర్ర కొవ్వొత్తులు. పంపింది చీ గ్వాన్, ముప్పై అయిదు దాటినా పెళ్లి మాటెత్తితే భోజనం మధ్యలో లేచిపోయే బ్రహ్మచారి. ఆ ఇళ్లలో వరుడి తరఫు కానుకలు అచ్చం ఇలాగే వస్తాయి, సంబంధం మాట్లాడే మనిషీ ఇలాగే వస్తుంది.

పియానోని ముందుగదిలో దింపించుకుని, బిబిక్ కిమ్ నియో తాంబూలం పళ్లెం ముందుకి జరిపింది. "ఇది చీ గ్వాన్‌కి తెలిసే వచ్చిందా?"

"తెలియకపోవడమేమిటండీ! ఆయనే తొందరపెట్టారు."

"తొందరపెట్టాడా!" ముసలావిడ ముఖం వెలిగిపోయింది.

ఎర్నెస్టీనా గియోక్‌ని దగ్గర కూర్చోబెట్టుకుని, అరచేతులు తిప్పి చూసి, వేళ్లు ఒక్కొక్కటే సాగదీసింది. "మంచి చేతులమ్మా! ఓపిక ఉందా?"

"ఓపికకేం? పూసలు కుట్టడానికి కూర్చుందంటే తిండి కూడా గుర్తుండదు" అంది బిబిక్.

"అయితే ఇంక ఆలస్యం వద్దండీ. అసలు చిన్నప్పుడే మొదలుపెట్టాల్సింది, ఇప్పటికే వయసు మీరిపోయింది."

బిబిక్‌కి చురుక్కుమంది. ఇరవయ్యారేళ్లొచ్చినా పెళ్లికాని మనవరాలున్న మనిషి కనక ఆ మాట తమలపాకుతో పాటు నమిలి మింగేసింది. గియోక్ మాత్రం ఎవరినీ చూడలేదు. పియానో తెల్ల మెట్లకేసే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పియానో ముందు వేసుకునే స్టూలు కొట్టుకి తిరిగొచ్చింది, పైన కమలాపళ్లతో సహా. "ఎత్తు చాలలేదు కాబోలు, పాపం మర్యాదగా పళ్లు కూడా పెట్టారు" అనుకుని ఎర్నెస్టీనా అంతకంటే మంచి స్టూలు, ఎర్ర ముఖమల్ దిండు ఉన్నది, ఆ పూటే పంపించింది.

ఆ తర్వాతి రోజు చీ గ్వాన్ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కొట్లోకి వచ్చిపడ్డాడు.

"పియానో అమ్మి రమ్మంటే నన్ను అమ్మేసి వచ్చారా టీచరమ్మా?"

"మిమ్మల్నా?" అంటూ ఆమె శిలువ గీసుకుంది. "ఏం జరిగిందండీ?"

"మాలో సంబంధానికి పంది తొడ పంపితే, మాంసం ఉంచుకుని కాలు వెనక్కి పంపుతారు. పంపారంటే ఖాయమన్నమాట. పియానోకి ఊడే కాలు లేక స్టూలు పంపారు మహాతల్లులు! మీరు దాన్ని మించింది ఎదురు పంపారు! కుర్రాడు ఆగలేకపోతున్నాడనుకుని వాళ్లు మా అమ్మకి మిఠాయి పళ్లేలు పంపారు. ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ, వీధి వీధంతా పంచేసింది. నాకు పెళ్లీ వద్దు, గిళ్లీ వద్దు. మీరే వెళ్లి చెప్పండి. లేదా రేపే సైకిళ్లు దింపుతాను."

ఎర్నెస్టీనా గొడుగు తీసుకుని బయల్దేరింది. పియానో వెనక్కొస్తుంది, కొట్టు పోతుంది, తను పోతుంది. కానీ వర్తకుల వీధి మలుపు తిరిగేసరికి వాటన్నిటికంటే గియోక్ చేతులే కళ్లముందు మెదిలాయి. ఇంటిదాకా వచ్చిన సంబంధం తప్పిపోతే ఆ వీధి లోపం పిల్లలోనే వెతుకుతుంది. ఒకప్పుడు తనని పెళ్లిచూపులు చూసినవాళ్లు మళ్లీ రాకపోతే పేట తన గురించి ఏమనుకుందో ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఆ బాధ మరో పిల్లకి తన చేత్తో తెచ్చిపెట్టినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

లోపల పియానో మోగుతోంది. ఒక్క వేలితో, ఏదో పడవ పాట, తడుముకుంటూ. ఆమె అడుగు వినగానే ఆగిపోయింది. ఎర్నెస్టీనా కూర్చోకుండానే జరిగిందంతా చెప్పేసింది.

"మా పిల్లని బజార్న పెట్టావే!" అంది బిబిక్. "ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని గుమ్మంలో నిలబడను?"

చెక్క తడిక వెనకనుంచి గియోక్ వచ్చింది. "టీచరుగారూ, అయితే ఈ పియానో అతనిది కాదా?"

"కొట్టుది తల్లీ. ఎవరు కొంటే వాళ్లది."

"అంటే... కొనుక్కుంటే చాలా? పెళ్లి చేసుకోనక్కర్లేదా?"

"అక్కర్లేదు."

గియోక్ దభాలున స్టూలు మీద కూలబడి, చెంపలు తడుస్తున్నా నవ్వడం మొదలుపెట్టింది. "దీన్ని ముట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది, దీంతో పాటు అతనొస్తాడని గుర్తొస్తే నీరుకారిపోయేది. నానమ్మా! కానుకలో కొంత ఉంచుకుని కొంత తిప్పి పంపడమేగా మన ఆచారం? పియానో ఉంచుకుందాం. పెళ్లికొడుకుని తిప్పి పంపేయ్."

బిబిక్ ఒక తమలపాకు చుట్టి బుగ్గన పెట్టుకుంది. "టీచరమ్మా, నువ్వు వచ్చింది వాళ్లు వద్దన్నారని చెప్పడానికా, మేం వద్దన్నామన్న కబురు తీసుకెళ్లడానికా?"

"కబురు తీసుకెళ్లడానికేనండీ" అంది ఎర్నెస్టీనా, ఊపిరి కూడా తీసుకోకుండా.

"అయితే పియానో మాదే. సోమవారం నుంచి వచ్చి పాఠం చెప్పు."

కొట్లో చీ గ్వాన్ గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. పియానో అమ్ముడుపోయిందనీ, పెళ్లి తప్పిందనీ, వాళ్లే వద్దన్నారని వీధిలో చెప్పుకుంటారనీ విని, "అమ్మయ్య! గండం గడిచింది! ఇంకో రెండు పియానోలు తెప్పిద్దాం" అన్నాడు. అంతలోనే ఆగాడు.

"వద్దన్నది ముసలావిడేనా?"

"అమ్మాయండీ."

"నన్నా?" అతను అద్దంకేసి ఒకసారి చూసుకున్నాడు. "ఎందుకట?"

"ముందుగదిలో పియానో పెట్టాక ఇంక చోటు లేదటండీ."

ఆ రోజు కొట్టు మూసేదాకా చీ గ్వాన్ మిగిలిన పియానోలకేసి సవతుల్ని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.