లింగమూర్తి గొంతుసంచిని గెలిచిన గాథ

గాజుమేడల కాంతులతో ఆకాశమును వెక్కిరించుచు, షేర్‌ఆటోల ఘోషతో దిక్కులను చెవిటివి చేయుచు వెలుగు నానక్‌రామ్‌గూడ మహాపురమున, ఉదయము ఏడు గంటలకు, కాపలాభటులు డ్యూటీ మారు పుణ్యఘడియలో, ఇరువది అంతస్తుల సౌధద్వారమున లాఠీపాణియై నిలిచిన లింగమూర్తి కంఠసమరమును చెప్పెద వినుడు. చాయ్ చల్లారిన నాది పూచీ కాదు.

సిరిసిల్ల సీమ సంజాతుడును, నీలిచొక్కా కవచధారియును, ఒక్క ఈలతో కార్ల వాహినిని స్తంభింపజేయు ఉద్దండుడును అగు ఆ వీరుడు, రెండేండ్లుగా ఒక బిస్కెట్టు చేత ఓడిపోవుచుండెను. ఏలయన, వాని గొంతు వెనుకగోడ ఉబ్బి సంచియై సాగెను. మ్రింగిన కబళము కడుపునకు పోక ఆ సంచిలో బస చేసి, వాడు బూటు లేసు కట్ట వంగినంతనే మరల నోటికి వచ్చెడిది. ఛీ, ఎంత అవమానము! నాటినుండి లేసులను బూటులోనికి దోపుకొని, తోటివారి కంటబడక జనరేటరు గది వెనుక గోడకు మొగము పెట్టి తినుచుండెను.

అర్ధాంగి సత్తెమ్మ ఒకనాడు గర్జించెను: "గోడతోని ఎన్ని దినాలు తింటవయ్యా? బెల్టుకు మూడు బొక్కలు కొత్తగ కొట్టిస్తివి. నాకు భయమైతాంది. నా పక్కన కూసొని ఒక్క బుక్క తిను సూద్దాం!"

అంతట దవాఖానకు ఈడ్చుకొనిపోయెను. వైద్యశిఖామణి సుష్మ పలికెను: "మెడ మీద కోత ఉండదండీ. నోట్లోంచి గొట్టం పంపి, ఆ సంచికీ అన్నం దిగే దారికీ మధ్య గోడను లోపలే కోసేస్తాం. రేపు పొద్దున రండి. రాత్రి నుంచీ ఏమీ ముట్టుకోకూడదు, గుర్తుంటుందిగా?"

గుర్తుండెను. కాని మరునాటి ఉదయము రాత్రి డ్యూటీ దిగి దవాఖానకు బయలుదేరు వీరునికి, సహభటుడు ఓదెలు అలవాటు చొప్పున గ్లాసు అందించెను. "చాయ్ లెక్కలకు రాదన్నా, తాగు." భాగ్యనగర సంప్రదాయమున ఇది శాస్త్రవాక్యము! చాయ్‌తో ఒక ఉస్మానియా బిస్కెట్టును కూడ గోడచాటున మ్రింగి లింగమూర్తి కదనరంగము చేరెను.

"ఏం తీసుకోలేదు కదా?" అని సుష్మ అడుగగా, "ఏం ముట్టలే మేడం!" అని సింహనాదము చేసి, లోనికి పోవుటకు బూట్లు విడువ వంగెను. బిస్కెట్టు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చెను.

యుద్ధము వాయిదా పడెను. ఈ వార్త విని ఓదెలు సిగ్గుతో చచ్చి, గేటునడుమ నిలిచి ప్రతిజ్ఞ చేసెను: "నాదే తప్పు! అన్న సక్కగ మింగెదాక గీ గేటు కాడ బిస్కెట్ బంద్! ఎవ్వడన్న డబ్బా ముట్టిండో, జూస్తా!"

మరునాడు సంకుల సమరము జరిగెను. గొట్టమను నాగాస్త్రము నోటిగుహ దూరెను, మధ్యగోడ కూలెను, సంచిరాక్షసుని కోట బట్టబయలాయెను. ఈ మహాయుద్ధమును మన వీరుడు మత్తుమందు మహిమచే గాఢనిద్రలో నిర్వహించెను.

పదునైదు దినములు జావ, పలుచని పప్పు, మెత్తని అన్నము. గేటుకాడ భటులు బిస్కెట్టు లేని చాయ్‌ను మందువలె త్రాగిరి. పదునారవ నాడు సుష్మ అనుమతించెను. లింగమూర్తి సత్తెమ్మను వెంటబెట్టుకొని గేటు చేరెను. డబ్బా తెరచుకొనెను. బిస్కెట్టు మునిగెను, నోట పడెను, గొంతు దాటెను.

"ఇగ వంగన్నా," అనెను ఓదెలు.

వీరుడు వంగెను. ముడి వేసెను. భయముతో ఇంకొక ముడి వేసెను. ఏమియు రాలేదు!

సత్తెమ్మ కొంగుతో కళ్లొత్తుకొని గేటుపక్క గట్టుమీద చతికిలబడెను. "దా, ఈడ కూసో. నేను గూడ తింట." వాడు వచ్చి, ఆమె పక్కనే కూర్చుండి, అందరి ఎదుట రెండవ బిస్కెట్టు తినెను.

కావున జనులారా, ఇరువది అంతస్తులు దద్దరిల్ల చాటుడు: లింగమూర్తి తన కుడికాలి బూటు లేసు కట్టుకొనెను.