దుంగ దగ్గర వరుస

ఆ శనివారం పొద్దున్న కీత్ పర్కిస్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం దాకా ఎవరి మీదా అరవకూడదు.

మామూలు మనిషికి అదొక పనే కాదు. కీత్‌కి మాత్రం అంతకంటే రోడ్డు తవ్వడం తేలిక. పదిహేనేళ్ళకి బడి మానేసినప్పటి నుంచీ అతను చేస్తున్నది అదే. ఎండలో వానలో రోడ్లు తవ్వి, పూడ్చి, మళ్ళీ తవ్వి, కార్లలో వెళ్ళే పెద్దమనుషుల చేత హారన్లు కొట్టించుకుని, తిరిగి తిట్టి తిట్టి అతని గొంతు తారు డబ్బాలా తయారైంది. ఇంటికొచ్చాక రేడియోని తిట్టేవాడు. పక్కింటివాడు కంచెచెట్లు సరిగా కత్తిరించలేదని తిట్టేవాడు. కెటిల్‌లో నీళ్ళు తొందరగా కాగలేదని దాన్నీ తిట్టేవాడు.

మూడు వారాల కిందట అతని భార్య పౌలీన్ గొడవేమీ పెట్టుకోకుండా, జాకెట్లు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో సర్దుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు కీత్.

"జోయిస్ ఇంటికి. నాకు చెవులు నొప్పిగా ఉన్నాయి కీత్," అని అక్కగారింటికి వెళ్ళిపోయింది.

బుధవారం ఫోన్ చేసింది. "శనివారం ఒంటిగంటకి తోపుకి వస్తాను. మన దుంగ దగ్గర కూర్చుని ఇద్దరం మాట్లాడుకుందాం. కానీ ఒక్క మాట. నీ కేక గేటు దాకా వినబడిందా, అక్కణ్ణించే వెనక్కి తిరుగుతా. ఇక రాను."

ఆ తోపు కీత్ తాతగారిది. పేరు టింకర్స్ కాప్స్. ఈ చివర దగ్గితే ఆ చివర వినబడేంత. హేజల్ పొదలు, నాలుగు ఓక్ చెట్లు. మే నెల మొదట్లో మాత్రం నీలిగంట పూలు పూసి నేలంతా నీలంగా మారిపోతుంది. నడిమధ్యన ఎప్పుడో కూలిన ఓక్ మాను ఒకటి పడి ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట కీత్ పౌలీన్‌ని పెళ్ళికి అడిగింది ఆ దుంగ మీదే.

తోపు తనదే అయినా అందులోంచి వెళ్ళే కాలిబాట మాత్రం తనది కాదు. తాత పుట్టకముందు నుంచీ జనం నడిచిన దారి కాబట్టి ఎవడైనా నడవొచ్చంటుంది చట్టం. తన తోపులో పరాయివాడి కుక్క ఎదురొస్తే కీతే పక్కకి తప్పుకోవాలి. ఆ కుక్క చేసిన పనిని ముచ్చటగా సంచిలో కట్టి, ఆ సంచిని తీసుకెళ్ళి హేజల్ కొమ్మకి తగిలించి, చేతులు దులుపుకుని పోయే పెద్దమనుషులున్నారు. వాళ్ళని తల్చుకుంటేనే కీత్‌కి కణతలు కొట్టుకుంటాయి. ఆవేళ పొద్దున్నే అలాంటి సంచులు కొమ్మల మీంచి కోసి బకెట్లో వేస్తూ, ఒక్కొక్క దానికి ఒక్కొక్క తిట్టు చొప్పున గొణుక్కున్నాడు. గొణుగుడు గేటు దాకా వినబడదు.

ముళ్ళు గీసుకుంటాయని వ్యాన్లోంచి పసుపు రంగు రోడ్డు కోటు తీసి తొడుక్కున్నాడు. సందు ఇరుకు కదా, ఎవడైనా గుద్దేస్తాడేమోనని వ్యాను వెనక రెండు ట్రాఫిక్ కోన్లు పెట్టాడు. దుంగ చుట్టూ ముళ్ళపొదలు కొట్టేసి, ఒంటిగంట లోపల ఏ కుక్కా వచ్చి పాడుచెయ్యకుండా నాలుగు చెట్లకీ చుట్టి తాడు కట్టాడు. ఇందులో అతని తప్పేమన్నా ఉంటే ఇంతే.

ఏదో మరిచిపోయి వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఒక కారు ఆగింది. పూలు చూడ్డానికొచ్చిన ఉన్ని టోపీ పెద్దాయన అద్దం దించాడు.

"ఇక్కడే పెట్టుకోమంటారా బాబూ?"

"ఏంటి పెట్టేది?"

"కారు."

కీత్ నోటిదాకా వచ్చిన మాట వేరే ఉంది. దాన్ని గుటకవేసి, పళ్ళ మధ్యనుంచి మెల్లగా అన్నాడు. "పెట్టుకోండి. హాయిగా పెట్టుకోండి. చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళని కూడా పిలవండి."

"అబ్బ, ఎంత మంచివారండీ!" అని పెద్దాయన అక్కడికక్కడే కూతురికి ఫోన్ కలిపాడు. "అమ్మాయ్, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యి. పార్కింగ్ కూడా ఏర్పాటు చేశారు."

ఆ వెనక ఇంకో కారు. దాని వెనక రెండు. ఒంటి మీద పసుపు కోటు, కాళ్ళ దగ్గర రెండు కోన్లు ఉన్న మనిషి గోతిలోకి నడవమన్నా ఇక్కడి జనం థాంక్స్ చెప్పి మరీ నడుస్తారు. కీత్‌కి ఆలస్యంగా వెలిగింది. గబగబా కోన్లు తీసేశాడు. కోన్లు తీసిన జాగాలో ఇంకో కారు దూరింది. కోటు కూడా విప్పేసేవాడే, కానీ లోపలి చొక్కా చంకలో చిరిగి ఉంది. పౌలీన్ లేని ఇంట్లో సూది ఎక్కడుందో అతనికి తెలియదు.

అరవకుండా మనుషుల్ని తోలేదెలా? అట్టముక్క మీద నల్ల రంగుతో 'పాములున్నాయి. జాగ్రత్త' అని రాసి గేటుకి తగిలించాడు. ఇక చస్తే రారనుకున్నాడు.

కాసేపటికి మోకాళ్ళ దాకా బూట్లు, మెళ్ళో కెమెరాలు వేసుకున్న గుంపొకటి దిగింది. ముందున్నావిడ కళ్ళు మెరిసిపోతున్నాయి.

"పాములెక్కడండీ? మా ప్రకృతి సంఘంవాళ్ళం ఈ జిల్లా అంతా గాలిస్తున్నాం, ఒక్కటి కనబడితే ఒట్టు!"

"ఇక్కడ పాముల్లేవు," అన్నాడు కీత్.

ఆవిడ గొంతు తగ్గించింది. "అర్థమైంది లెండి. చెప్తే జనం వచ్చి తొక్కేస్తారని మీ భయం. మీలాంటి బాధ్యత గలవాళ్ళు అరుదండీ."

"లేవంటే లేవు తల్లీ. నేనే రాశాను."

"అలాగే, అలాగే. మేమూ ఎవరికీ చెప్పం," అని కన్నుగీటి, ఎవరికీ చెప్పకుండా ఉండటం కోసం ఫోన్‌లో అందరికీ కబురు పెట్టింది.

కీత్ చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి అంచు పళ్ళతో కొరికి, మళ్ళీ పెట్టుకుని తోపులోకి నడిచాడు. దుంగ దగ్గర మొదలైన మనుషుల వరుస కాలిబాట వెంట మెలికలు తిరిగి దాదాపు గేటు దాకా వచ్చింది. చివర నిలబడ్డవాణ్ణి అడిగాడు.

"దేనికయ్యా ఈ వరుస?"

"తెలీదండీ. కానీ బాగానే కదుల్తోంది."

మొదటి నుంచీ చూసినవాళ్ళు చెప్పింది ఇది: ఎవరో ఇద్దరాడవాళ్ళు తాడు దగ్గర ఆగి దుంగని చూస్తున్నారట. మూడోవాడు వచ్చి మర్యాదగా వాళ్ళ వెనక నిలబడ్డాడట. అంతే. ఇక్కడ మూడోవాడు నిలబడ్డాక నాలుగోవాడు ఎందుకని అడగడు.

వరుసకి ముందు డాఫ్నీ ఉంది. ఊరి సంఘానికి కార్యదర్శి. ఊళ్ళో ఆవిడ చెయ్యి పెట్టకుండా పెళ్ళీ జరగదు, చావూ జరగదు. తాడు పైకెత్తి ఒక్కొక్కరినీ లోపలికి వదులుతోంది. వాళ్ళు దుంగ మీద కూర్చుని, ఫోటో తీయించుకుని, "ఎంత బావుందో" అంటూ అటుపక్కనుంచి వెళ్తున్నారు.

"డాఫ్నీ," అన్నాడు కీత్, "ఈ దుంగలో ఏమీ లేదు."

"అదేగా దీని గొప్ప! చరిత్రంతా ఉండి కూడా ఎంత సాదాగా ఉందో చూడండి! మీరు తాడు కట్టి మంచి పని చేశారు మిస్టర్ పర్కిస్. మీరిలాంటి మనిషని మేమెవరమూ అనుకోలేదు. జనం టీ అడుగుతున్నారు, తెప్పించనా?"

"తెప్పించండి," అన్నాడు కీత్ పళ్ళు పటపటలాడిస్తూ. "బ్యాండు మేళం కూడా పిలిపించండి. అదొక్కటే తక్కువ."

"బ్యాండు ఇప్పటికిప్పుడు దొరకదేమో. మోరిస్ ఆటవాళ్ళు పబ్బులో ఖాళీగా కూర్చున్నారు, చెప్పి చూస్తా."

ఈ ఊళ్ళో మర్యాదగా మాట్లాడితే తిట్టారనుకుంటారు. వెటకారం చేస్తే మర్యాద అనుకుంటారు. నోరారా తిడితే తప్ప ఎవడికీ ఏదీ అర్థం కాదు. సరిగ్గా ఆ ఒక్కటీ ఇవాళ అతను చెయ్యకూడదు.

కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, చేతుల్లో కర్రలూ తెల్ల రుమాళ్ళూ పట్టుకుని బీరు కంపు కొడుతూ ఆ మోరిస్ జానపద ఆటవాళ్ళు రానే వచ్చారు. టీ డ్రమ్ము వచ్చింది. టీలోకి తినే స్కోన్ రొట్టెలు వచ్చాయి. స్కోను మీద ముందు జాము రాయాలా మీగడ రాయాలా అని ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుని, మాటలు మానేసి చెరో ఓక్ చెట్టు కిందికీ వెళ్ళిపోయారు. అటు చూస్తే ఒక కుర్ర జంట పూల మధ్యన వెల్లకిలా పడుకుని ఫోటో దిగుతోంది. నీలిగంటలు ఒకసారి నలిగితే మళ్ళీ ఎన్నేళ్ళకో గాని లేవవు. తాత ఆ పూలని తొక్కనిచ్చేవాడు కాదు. కీత్ అటు పరిగెత్తాడు. నోరు తెరిచాడు. కేక గొంతులోకి వచ్చి నిలబడింది. పౌలీన్ మడతపెట్టిన జాకెట్లు కళ్ళ ముందు మెదిలాయి.

కీత్ నోరు మూసుకుని, వంగి, ఆ పిల్ల చెవి దగ్గర చాలా సౌమ్యంగా అన్నాడు. "అమ్మా, పొద్దున్న నేను కుక్క సంచులు కోస్తుంటే ఒకటి చిరిగింది. సరిగ్గా అక్కడే."

ఇద్దరూ కెవ్వుమని లేచి పరిగెత్తారు. ఆ రోజు మొత్తానికి కీత్‌కి దక్కిన సుఖం అదొక్కటే. చర్చి గడియారం ఒంటిగంట కొట్టింది.

పౌలీన్ గేటు దగ్గర నిలబడి ఉంది. కారు పెట్టడానికి చోటు లేక చర్చి దగ్గర వదిలేసి, బరువైన బుట్ట మోసుకుంటూ నడిచొచ్చింది. బుట్టలో కీత్‌కిష్టమని తానే పంది మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె, ఉల్లిపాయల ఊరగాయ, ఫ్లాస్కు. ఆమె చెవులు రిక్కించి వింది. కీత్ గొంతు వినబడలేదు. మిగతా ప్రపంచమంతా వినబడింది.

జనాన్ని తప్పించుకుంటూ దుంగ దగ్గరికి వచ్చి తాడు ఎత్తింది. వరుసలో మొదట నిలబడ్డ ముత్యాల దండ ఆవిడ నాలుకతో "చ్చ్" అంది. ఇక్కడ అంతకు మించిన తిట్టు లేదు.

"క్షమించాలి. వరుస అక్కడ మొదలవుతుందండీ."

"ఇది మా దుంగమ్మా," అంది పౌలీన్ నెమ్మదిగా. "మా ఆయన నన్ను పెళ్ళికి అడిగింది ఇక్కడే."

"ఎవరి కారణాలు వాళ్ళకుంటాయి. మేము మాత్రం ఊరికే నిలబడ్డామా?" వెనకున్నవాళ్ళంతా కలిసి "చ్చ్" అన్నారు.

పౌలీన్ బుట్ట కింద పెట్టింది. ముప్ఫై ఏళ్ళలో ఎవరూ వినని గొంతొకటి ఆమె లోపల్నుంచి లేచింది. ఓక్ చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి.

"మీ వరుస తగలెయ్య! ఈ మనిషి ఈ దుంగ మీద కూర్చుని, నోట మాట రాక, చెమటలు కక్కుకుంటూ నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆరోజు వరుసలో ఎవరున్నారు? నువ్వున్నావా? ఏం టోపీ, నువ్వున్నావా? ఇదిగో గజ్జెలూ, నిన్నే, నువ్వున్నావా? నేనొక్కదాన్నే ఉన్నాను! పొండి! మీ కుక్కల్నీ, మీ సంచుల్నీ, మీ కెమెరాల్నీ పట్టుకుని పొండి! డాఫ్నీ, ఆ తాడు వదల్లేదో దాంతోనే నిన్ను చెట్టుకి కట్టేస్తా!"

అందరూ "సారీ" "సారీ" అనుకుంటూ, ఒకరినొకరు ముందు వెళ్ళమంటూ, వరుసలోనే బయటికి నడిచారు. మోరిస్ ఆటవాళ్ళు చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడిచారు గాని గజ్జెలు ఊరుకోలేదు.

తోపు నిశ్శబ్దమైంది. పౌలీన్ దుంగ మీద కూలబడింది. కీత్ పక్కన, కాస్త ఎడంగా కూర్చున్నాడు. గేటు వైపు ఒకసారి చూశాడు.

"గేటు దాకా వినబడే ఉంటుంది."

"నోర్ముయ్యి. రొట్టె కొయ్యి."

కీత్ కోశాడు. పౌలీన్ ఒక ముక్క తిని, చేతులు దులుపుకుని, కొత్త మనిషిని చూసినట్టు అతని వైపు తిరిగింది.

"కీత్, ఇంత హాయిగా ఉంటుందా?"

"ఏది?"

"అరవడం. తలలో బరువంతా దిగిపోయింది. ముప్ఫై ఏళ్ళు పక్కనే ఉండి, ఈ సుఖమంతా నువ్వొక్కడివే అనుభవించావు గాని ఒక్కరోజైనా నాకు చెప్పావా?"

కీత్ ఇంకో ముక్క కోసి ఆమె చేతిలో పెట్టాడు. పౌలీన్ ఆ సాయంత్రమే సంచితో సహా ఇంటికి వచ్చేసింది.

సోమవారం డాఫ్నీ తలుపు కొట్టింది. తిట్టించుకోవడానికి వచ్చిందనుకున్నాడు కీత్. కాదు. "పౌలీన్, మధ్యాహ్నం ఒంటిగంటకి తోపులోంచి జనాన్ని కేకలేసి తరమడం ఈ ఊరి పాత ఆచారమని మాకెవరికీ తెలీదమ్మా. అందరూ తెగ మెచ్చుకున్నారు. ఏటా చెయ్యాలని సంఘం తీర్మానించింది. నువ్వు కాదనకూడదు." పౌలీన్ కాదనలేదు. మళ్ళీ మే నెల వచ్చేలోగా గొంతు పాడవకూడదని ఆ రోజు నుంచే సాధన మొదలుపెట్టింది. ముందు రేడియో మీద, తర్వాత పక్కింటివాడి కంచెచెట్ల మీద, ఆ పైన కెటిల్ మీద.

ఇప్పుడు ప్రతి బుధవారం కీత్ చొక్కాలు మడతపెట్టుకుని, చెవులు నొప్పిగా ఉన్నాయని జోయిస్ వదిన ఇంటికి వెళ్తున్నాడు.