చివరి తొమ్మిది

ఆ ఊళ్లో పిల్లలు మణికట్టు మీద ఒక సంఖ్యతో పుడతారు. పెళ్లి కుదరాలంటే ఇద్దరి సంఖ్యలకూ ఒకటి కాకుండా ఇంకో ఉమ్మడి కారణాంకం ఉండాలి. జాతకాల రోజుల్లో ఇంత సుఖం ఎక్కడిది? గ్రహాల్ని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు లెక్క ఆఫీసువాళ్లే చేసిపెడతారు.

పిండిమర నడిపే సన్యాసినాయుడి కూతురు నీలవేణి సంఖ్య 1,04,729. ఆమెకు నచ్చిన కుర్రాడిది 88. ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ కారణాంకాల ఆఫీసు కౌంటరు దగ్గరే తప్పిపోయాయి. ఇదీ పోతే పిల్ల ఇంట్లోనే ఉండిపోతుందని ఆయనకు దిగులు. దేవుడికి దండం పెట్టుకుని, కూతుర్ని తీసుకుని మళ్లీ వెళ్లాడు.

ఈసారి ఆఫీసరు ఓపికమంతుడు. రెండుతో మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా భాగించాడు. ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. మూడువందల పదిహేడు కూడా చూసి, కలానికి మూత పెట్టి, క్యారేజీ మూత తీశాడు.

"ఇంకా పైకి సూడండి బాబూ," అన్నాడు సన్యాసినాయుడు.

"వర్గమూలం దాటాక కొత్త చుట్టాలెవరూ రారండి. మీ అమ్మాయిది ప్రధాన సంఖ్య."

"పెదానమంటే గొప్పే గదేటి?"

"వినడానికి గొప్పే. ఎవరితోనూ పొత్తు కుదరదు."

"ఒకటుంది గదా బాబూ?"

"ఒకటి అందరికీ ఉంటుంది. దాన్ని చుట్టరికం అనరు."

పెరుగన్నం కలుపుకుంటూ ఆఫీసరే ఉపాయం చెప్పాడు. చివరి తొమ్మిది తీసేస్తే 10,472. అందులో రెండూ పోతుంది, ఏడూ పోతుంది, పదకొండూ పోతుంది. ఎనభై ఎనిమిదైతే చిల్లర మిగలకుండా పోతుంది. ఎవరొచ్చినా సర్దుకుపోయే సంఖ్య. పక్కగదిలోనే తీస్తారు.

"ఆ అబ్బాయి సంఖ్యే మార్చకూడదాండి?" అని నీలవేణి అడిగింది.

ఆఫీసరు ఏమీ నొచ్చుకోలేదు. "మగపిల్లలవి మార్చే సామగ్రి మాకింకా రాలేదమ్మా."

"నా తొమ్మిదిలో ఏటుంటాదండి?"

"చివరి అంకెలో పెద్దగా ఏముంటుంది? కాస్త ఇష్టాలూ, అయిష్టాలూ."

"నాకొద్దు నాన్నా," అంది నీలవేణి.

"ఊర్లో ఆడపిల్లలందరూ తీయించుకోలేదేటమ్మీ," అన్నాడు సన్యాసినాయుడు. అనేశాడు గాని, కూతురి మొహం చూడలేకపోయాడు.

చెవులు కుట్టినంత సేపు కూడా పట్టలేదు. బయటికొచ్చాక టీ తాగుతావా, కాఫీ తాగుతావా అని అడిగాడు.

"ఏదైనా పర్లేదు నాన్నా."

బుద్ధెరిగాక ఆ పిల్ల నోట ఆ మాట వినలేదు. టీ సగంలోనే వదిలేసి లేచాడు.

ఇంటికొచ్చేసరికి భార్య బంగారమ్మ పిండి జల్లిస్తోంది. "తప్పు చేసీసినానేటే?" అన్నాడు ఆమె పక్కన కూలబడి.

బంగారమ్మ జల్లెడ ఆపలేదు. "నాకు రెండంకెలు తీసీసినారు. మొదట్లో ఏదో పోయినట్టు ఎతుక్కునేదాన్ని. తర్వాత పిల్లలు పుట్టీసినారు."

సన్యాసినాయుడి గుండె కుదుటపడింది. ముఖం కడుక్కుని, శుభలేఖలు అచ్చుకిచ్చి రావడానికి బయల్దేరాడు.